జేబులో వేసుకోకు

లియెపాయాలో నవంబరు తుఫాను వెలిసిన మర్నాడు
ఊళ్ళో సగం మంది ఒడ్డునే ఉంటారు, రబ్బరు బూట్లతో
నల్లటి నాచుకుప్పలు కెలుకుతూ,
తృణమణి కోసం.
మ్యూజియం మూడో అంతస్తులో, కిటికీ పక్కన,
నేనూ అదే పనిలో ఉన్నాను. పొడి చేతులతో.

గుందర్స్ కట్టిన పేజీ ఇది. పదమూడేళ్ళ పాతది.
వెయ్యిన్నూట నలభై ఫొటోలు: చేపల కర్మాగారం ఆడవాళ్ళు,
ట్రాము కింద దూరిన కుక్క, పెళ్ళిబృందాలు,
ఎవరిదో భుజం.
పోయిన ఫిబ్రవరిలో పోయాడాయన.
ఎలా నడపాలో ఒక్క కాగితం రాసిపెట్టలేదు.
పిలిస్తే పలికే పేర్లు మాత్రం వదిలి వెళ్ళాడు.

డాలర్ గుర్తు, బ్రాకెట్టు, చుక్క, ఒక మాట.
జేక్వెరీకి అంతకంటే మర్యాదలక్కర్లేదు.
"ఫొటోలు" అంటే అన్నీ వచ్చి నిలబడతాయి.
"పేరు లేనివాళ్ళు" అంటే
మూడువందల పన్నెండు మంది మిగులుతారు.
తక్కినవాళ్ళు ఎక్కడికీ పోరు, పక్కకి జరుగుతారంతే,
చేటలో గింజ ఒకవైపు, పొట్టు ఒకవైపు అయినట్టు.
ఏది గింజో చేటకి తెలుసా?

పొద్దున్నంతా ఒక్కావిడ కోసం వెతికాను.
వెంట్స్‌పిల్స్ నుంచి మనవరాలు ఫోన్ చేసింది:
"మా అమ్మమ్మ అక్కడే వలలు బాగుచేసేది. స్కైద్రీతె."
అడిగాను. ఏమీ రాలేదు.
ఎర్ర అక్షరం లేదు, తప్పన్న కేక లేదు.
ఈ లైబ్రరీ దుర్గుణం అదే:
దొరక్కపోతే దొరకలేదని చెప్పదు.
ఖాళీ బుట్టనే భద్రంగా చేతికందిస్తుంది.
రంగు మార్చమన్నా, అంచు గియ్యమన్నా,
మెల్లగా కనబడమన్నా
సరే సరే అంటూ ఎవరికీ ఏదీ చెయ్యకుండా చేసుకుపోతుంది.
నాకలాంటి పిన్ని ఒకావిడ ఉండేది.

కాఫీ చల్లారాక చూశాను:
దీర్ఘం.
"ద్రీ" తలమీద గీత పెట్టలేదు నేను.
మా భాషలో ఊపిరి కాస్త ఆగే చోటది.
పెట్టాను. తలుపు చాటునుంచి వచ్చినట్టు వచ్చింది,
ఒడి నిండా వల, నోట్లో సూది.
అక్కణ్ణించి పైకెక్కమన్నాను: ఆమెని పట్టుకున్న పెట్టె,
పెట్టెని పట్టుకున్న వరస, వరసని పట్టుకున్న సంవత్సరం.
తోబుట్టువుల్ని లెక్కపెట్టమన్నాను. ఆరు.
తెరమీద ఐదే ఉన్నాయి.

దాగినవేవి? అన్నాను.

ఒక్కటి.
గుందర్స్ తన చేత్తో దాచింది. రేవు గోడ దగ్గర ఒక కుర్రది,
భుజమ్మీద సైనికుడి చెయ్యి. చెయ్యి మాత్రమే,
మనిషి చట్రం బయట.
కింద ఆయన వాక్యం:
"ఎవరో తెలిసింది. ఆమె అడిగితేనే చెప్పాలి."

కిటికీలోంచి చూస్తే, ఒడ్డున ఒక పిల్లాడు వంగి
పసుప్పచ్చటిదేదో తీశాడు. వాళ్ళ నాన్న పరుగెత్తాడు.
ఈ తీరాన అందరికీ తెలిసిందే:
పాత యుద్ధాలు సముద్రంలో పారబోసిన భాస్వరం
అచ్చం తృణమణిలా ఉంటుంది, అదే రంగు, అదే నునుపు.
తడిగా ఉన్నంతసేపూ బుద్ధిగా ఉంటుంది.
జేబులో వేసుకుని ఇంటికెళ్తే, ఆరాక,
ఒంటి వేడికి అంటుకుంటుంది.
మావాళ్ళు అందుకే రేకు డబ్బా తీసుకెళ్తారు.

ఆమె బతికుంటే ఎనభై దాటి ఉంటాయి.
"చూపించు" అనడానికి చుక్క తర్వాత ఒక్క మాట చాలు.
టైపు చేశాను కూడా.
చెరిపేశాను.

కొత్త పేజీలో ఆ వరసకి ఇలా రాశాను:
అన్నీ తీసుకురా, ఆ ఒక్కటి తప్ప.
"తప్ప" అన్నా ముందు అది ఎక్కడుందో తెలియాలి కదా.
యంత్రం చదవకుండా దాటిపోయే చోట
నా తర్వాత వచ్చేవాళ్ళకి రెండు మాటలు:
రేకు డబ్బా. అడిగితేనే.

వెంట్స్‌పిల్స్‌కి ఫోన్ చేసి, దొరికారు, అన్నాను.
అటువైపు కాసేపు ఏమీ లేదు.
"సూది కనబడుతోందా?" అంది.
కనబడుతోంది, అన్నాను.